పద్దెనిమిదో రోజు

ఆ వానాకాలం మొదట్లో అమ్మ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పి, నల్ల కళ్ళద్దాలు తగిలించి, చుక్కల మందు సీసా నా చేతిలో పెట్టి పంపించారు. రోజుకి ఆరుసార్లు, ఆరు వారాలు. మొదటి చుక్క నేనే వేశాను. అది చెంప మీద పడింది. రెండోది ముక్కు పక్క నుంచి జారి పెదవి దాకా వచ్చింది.

"జలుబు మందు కాదే ఇది," అంది అమ్మ. "కన్ను ఇంకొంచెం పైన ఉంటుంది."

"నువ్వు కదలకుండా ఉంటే కదా!"

"నేను కదల్లేదు. నీ చెయ్యి కదిలింది." తలుపు వైపు తిరిగి పిలిచింది. "తల్లీ, ఒకసారి ఇలా రా."

తల్లి అంటే నేను కాదు. నన్ను అమ్మ ముప్ఫై ఆరేళ్ళుగా 'ఏమే' అనే పిలిచేది. తల్లి అంటే నాలుగో గదిలో ఉండే వాచీలావిడ.

ఆమె వచ్చింది. మందుల వల్ల ఆమె చేతులు వణికేవి. టీ గ్లాసు సగానికి మించి పోస్తే ఒలికిపోయేది. ఎడమ చేత్తో అమ్మ కింది రెప్ప లాగి, పైకి చూడమని చెప్పి, కుడి చేత్తో సీసా వంచింది. చెయ్యి ఆగిపోయింది. చుక్క కంట్లో పడింది. సీసాకి మూత పెట్టేటప్పుడు వణుకు మళ్ళీ వచ్చి మూత కింద పడింది. నేను ఏరి ఇచ్చాను.

"ఇకనుంచి నువ్వే వెయ్యి," అంది అమ్మ ఆమెతో.

మేం ఉండే చోటు ఒక వీధి చివరి ఇల్లు. బోర్డు మీద 'తాత్కాలిక నివాసం' అని ఉండేది. వీధిలో వాళ్ళు 'ఆస్పత్రి వాళ్ళ ఇల్లు' అనేవారు, కోపం వస్తే ఇంకో మాట అనేవారు. ముందు వైపు ఏడు గదులు, ఏడుగురు మనుషులు. మనసు జబ్బుకో తాగుడుకో వైద్యం అయి, ఆస్పత్రి వదిలిపెట్టాక వెళ్ళడానికి ఇల్లు లేనివాళ్ళు. అంతకుముందు బస్టాండుల్లోనూ వంతెనల కిందా పడుకున్నవాళ్ళు. ఇక్కడ కొన్నాళ్ళుండి, తమ పని తాము చూసుకోవడం మళ్ళీ అలవాటు చేసుకుని, సొంతంగా ఒక గది అద్దెకి తీసుకుని వెళ్ళాలి. వెనక వైపు రెండు గదులు మావి. అమ్మ పదకొండేళ్ళుగా ఆ ఇంటికి వార్డెను. నేను మధ్యాహ్నాలు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేదాన్ని. అమ్మకి రెండో కన్ను కూడా మసకే కాబట్టి, ఆపరేషన్ అయిన రోజు నుంచి పొద్దుటి రిజిస్టరు నాకు అప్పగించింది.

ఆ రిజిస్టరు సంగతి చెప్పాలి. హాల్లో గోడకి ఒక గుడ్డ సంచీ ఉండేది, దానికి ఏడు జేబులు. ఒక్కో జేబులో ఒక్కొక్కరి మాత్రలు. పొద్దున్న ఎనిమిదింటికి ఎవరి మాత్రలు వాళ్ళు తీసుకుని, బల్ల దగ్గర నిలబడి మింగి, రిజిస్టర్లో 'తానే వచ్చి' అన్న గడిలో తమ చేత్తో టిక్కు పెట్టాలి. ఎనిమిదిన్నర దాకా ఎవర్నీ పిలవకూడదు. పిలిచినట్టు చూడనూ కూడదు. ఎనిమిదిన్నరకి వార్డెను ప్లేటు మీద గరిటెతో రెండు దెబ్బలు కొడుతుంది. అప్పుడు వచ్చినవాళ్ళకి 'పిలిస్తే వచ్చి' అన్న గడిలో వార్డెను ఇంటూ పెడుతుంది. వరసగా ఇరవై ఒక్క టిక్కులు పడితే ఆ మనిషికి సొంత గది, సొంత తాళంచెవి. మధ్యలో ఒక్క ఇంటూ పడితే మళ్ళీ ఒకటి నుంచి. డాక్టరు రెండు వారాలకొకసారి శనివారం వచ్చి టిక్కులు లెక్కపెట్టేవాడు.

వాచీలావిడకి అప్పటికి రెండుసార్లు పద్దెనిమిది దాటలేదు. రెండుసార్లూ ఇంటూ పెట్టింది అమ్మే.

*

వాచీలావిడది నా వయసు. వాళ్ళ నాన్న వాచీలు బాగుచేసేవాడు, ఆమె ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆ తర్వాత జబ్బు, ఆ తర్వాత నాలుగేళ్ళు బస్టాండు. నాకు తెలిసింది అంతే. అమ్మకి ఇంకా చాలా తెలుసు.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చునేవాళ్ళు, అమ్మ పై మెట్టు మీద, ఆమె కింది మెట్టు మీద. ఆమె గ్లాసులో సగం టీ. అది అయిపోయాక అమ్మ తన గ్లాసులోంచి మిగతా సగం పోసేది. నాకు సెలవున్న రోజుల్లో ఆ మెట్ల పక్క కిటికీ దగ్గర బల్ల వేసుకుని ప్రూఫులు దిద్దేదాన్ని. గది లోపల ఇంకో కిటికీ ఉంది. వెలుతురు అక్కడే ఎక్కువ.

ఒకరోజు అమ్మ చెబుతోంది.

"అప్పుడు నేను ఆస్పత్రిలో ఆయాని. రాత్రి డ్యూటీ. దీనికి ఆరేళ్ళు. నేను బయల్దేరే వేళకి నా చెప్పులు దాచేసేది."

"ఎక్కడ?" అంది వాచీలావిడ.

"రోజుకో చోట. బియ్యం డబ్బాలో ఒకసారి. చెప్పుల్లేకపోతే నేను పోలేనని దాని లెక్క."

"మరి మీరేం చేసేవారు?"

"వెతికేదాన్ని. దొరికినా దొరకనట్టు ఇంకో పది నిమిషాలు వెతికేదాన్ని. అది మంచం మీద కూర్చుని చూస్తుండేది. పెద్ద పోలీసులా."

ఇద్దరూ నవ్వారు. నా చేతిలో పేజీ మీద ఒకే వాక్యం మూడుసార్లు చదివాను. ఆ చెప్పుల సంగతి నాకు గుర్తు లేదు. అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నా సంగతి నేను కిటికీ వెనక నుంచి వినాల్సి వచ్చింది.

ఆ రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు మెల్లిగా అడిగాను. "ఆవిడకి నా కథలు చెప్పడం ఎందుకు?"

"ఏ కథలు?"

"చెప్పులవి."

"కిటికీ దగ్గర కూర్చుని తప్పులు దిద్దుతున్నావనుకున్నా."

"నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"నువ్వెప్పుడు అడిగావే?" అంది అమ్మ. చెయ్యి చాపి కూర గిన్నె కోసం వెతికింది. నేను జరపబోయేలోపు అటు పక్క నుంచి వాచీలావిడ జరిపింది.

ఇలాంటివి రాస్తే చిన్నవిగా కనిపిస్తాయి. అమ్మ తల దువ్వించుకునేది ఆమెతో. ఆస్పత్రి నుంచి వచ్చిన కాగితాలు చదివించుకునేది ఆమెతో, చదవడం వృత్తిగా ఉన్న మనిషి పక్క గదిలో ఉండగా. హాల్లో ఆగిపోయి ఉన్న గోడ గడియారాన్ని ఆమె ఒక మధ్యాహ్నం విప్పి బాగుచేస్తే, రెండు నెలల పాటు వచ్చినవాళ్ళందరికీ అమ్మ ఆ గడియారం చూపించింది. పత్రికలో నా పేరు మొదటిసారి పడినప్పుడు ఆ కాగితం మడిచి అలమారలో పెట్టింది. ఎవరికైనా చూపించిందేమో నాకు తెలీదు.

*

ఆ ఇంట్లో అందరికంటే పాత మనిషి పెయింటరు. తాగుడు మాని పద్నాలుగు నెలలైంది. తన ఇరవై ఒకటి ఎప్పుడో పూర్తయినా గది దొరకలేదన్న వంకతో ఉండిపోయాడు. ఊరికే కూర్చోలేక ఇంటి గోడలకి రంగులు వేసేవాడు. ఒకే గోడకి మూడోసారి వేస్తున్నాడు.

"ఇవాళ ఎన్నో రోజు చెల్లెమ్మా, నాలుగో నంబరుకి?" అన్నాడు ఒక పొద్దున్న బ్రష్షు దులుపుతూ.

"పదిహేను."

"ఇంకో మూడు రోజులుంది."

"ఆరు," అన్నాను.

"మూడే. పద్దెనిమిదికి రాగానే ఆవిడకి మరుపొస్తుంది. రెండుసార్లు చూశా. పెరటి మెట్ల మీద కూర్చుంటుంది, ప్లేటు కొట్టేదాకా కదలదు."

"పాపం, టైము తెలీదేమో."

పెయింటరు గోడ గడియారం వైపు బ్రష్షు చూపించాడు. "దాన్ని బాగుచేసిన మనిషికి ఎనిమిదైందని తెలీదా?"

నేను నవ్వాను. కానీ ఆ మాట నాతో పాటు ఆఫీసుకి వచ్చింది. ఇరవై ఒకటి అయితే ఆమె వెళ్ళిపోతుంది. పద్దెనిమిది దగ్గర ఆగితే ఇంకో మూడు వారాలు, ఆ తర్వాత ఇంకో మూడు వారాలు. ఆమె ఎందుకు ఆగుతోందని నేను ఆలోచించలేదు. ఆగుతోంది అన్నంత వరకే ఆలోచించాను.

పద్దెనిమిదో రోజు వాన పడుతోంది. ఎనిమిది కొట్టింది. ఆరుగురు వచ్చారు, మింగారు, టిక్కులు పెట్టారు. నాలుగో జేబు అలాగే ఉంది. ఎనిమిదీ ఇరవైకి పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. చూరు కింద మెట్టు మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. అమ్మ లోపల పడుకుని ఉంది, పొద్దుటి చుక్క వేశాక అరగంట కళ్ళు మూసుకోవాలి కాబట్టి.

నేను నాలుగో జేబులోంచి మాత్రలు తీశాను. గ్లాసుతో నీళ్ళు పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఏమీ అనలేదు. చెయ్యి చాపాను.

ఆమె మాత్రల వైపు చూసి, నా వైపు చూసింది. "ఎనిమిదిన్నర కాలేదు కదండీ?"

"కాలేదు."

"ప్లేటు కొట్టలేదు కదా?"

"కొట్టలేదు."

కాసేపు వాన వైపు చూసింది. తర్వాత మాత్రలు తీసుకుని మింగింది. గ్లాసు నాకిచ్చేటప్పుడు నీళ్ళు నా చేతి మీద ఒలికాయి.

"లేచి వచ్చి టిక్కు పెట్టండి," అన్నాను.

ఆమె లేవలేదు. నేను లోపలికి వచ్చి, ప్రూఫులు దిద్దే పెన్నుతో, ఆమె గడిలో, 'తానే వచ్చి' కింద టిక్కు పెట్టాను.

పెయింటరు హాల్లోనే ఉన్నాడు. "మంచి పని చేశావు చెల్లెమ్మా," అన్నాడు మెల్లిగా. "మీ అమ్మకి రూలే తప్ప ఇంకోటి తెలీదు. నీకు మనసుంది."

ఆ మాటకి నేను సంతోషించాను కూడా. నేను ఆ పని జాలితో చేశానని ఆ సమయంలో ఎవరైనా అంటే, ఔనని ప్రమాణం చేసేదాన్ని.

సాయంత్రం అమ్మ అడిగింది. "ఇవాళ దానికి ఎన్నో రోజు?"

"పద్దెనిమిది."

"వచ్చిందా?"

"వచ్చింది."

"తనే?"

"తనే."

అమ్మ నల్ల కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది.

మిగతా మూడు రోజులూ వాచీలావిడ ఎనిమిది కొట్టకముందే వచ్చి బల్ల దగ్గర నిలబడింది. మూడు టిక్కులూ ఆమే పెట్టింది.

*

శనివారం డాక్టరు వేలితో ఒక్కో గడీ తాకుతూ ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. ఊళ్ళో వాచీలూ కళ్ళజోళ్ళూ బాగుచేసే దుకాణం ఒకటి ఉంది, దాని యజమాని ఆమెకి పని ఇస్తానన్నాడు. దుకాణం పైన గది. అన్నీ ముందే మాట్లాడి పెట్టారు, ఇరవై ఒకటి కోసమే ఆగారు. సోమవారం వెళ్ళాలి.

"సంతోషమేనా తల్లీ?" అంది అమ్మ.

"సంతోషమేనమ్మా."

"నిజంగా ఇరవై ఒకటీ అయ్యాయా?"

ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"డాక్టరుగారు లెక్కపెట్టారు కదమ్మా," అందామె.

సోమవారం పొద్దున్న ఒక సంచీతో బయల్దేరింది. నేను గేటు దాకా వెళ్ళాను. చుక్కల మందు సీసా నా చేతిలో పెట్టింది.

"కింది రెప్ప లాగండి. అమ్మగార్ని పైకి చూడమనండి. చుక్క వదిలే ముందు ఊపిరి ఆపండి. ఊపిరి ఆపితే చెయ్యి ఆగుతుంది. మా నాన్న చెప్పాడు. వాచీలో వెంట్రుకంత స్ప్రింగు ఉంటుంది, దాన్ని పట్టుకోవాలంటే అంతే."

"సరే."

"మూడోది పదకొండింటికి. అది మీరు ఆఫీసుకి వెళ్ళే తొందరలో మర్చిపోతారు."

"మర్చిపోను," అన్నాను.

మర్చిపోలేదు. ఊపిరి ఆపాను. చుక్క కంట్లో పడింది. రోజుకి ఆరుసార్లు, మూడు వారాలకి పైగా, ఒక్కటి కూడా చెంప మీద పడలేదు. నాలుగింటికి సెలవు అడిగి మరీ వచ్చి పెరటి మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ టీ తాగింది. వాన గురించి మాట్లాడింది. కింది గేటు గొళ్ళెం తుప్పు పట్టిందంది. చెప్పుల సంగతి అడిగితే, "ఆ రోజు విన్నావుగా," అంది. నా గ్లాసు నిండా టీ ఉండేది. అమ్మ తన గ్లాసులోంచి పోయడానికి చోటు లేదు.

*

ఆరు వారాలు నిండాక అమ్మకి కొత్త కళ్ళద్దాలు ఇచ్చారు. ఇంటికి వచ్చి హాల్లో నిలబడి నాలుగు గోడలూ చూసింది. "ఏం రంగు ఇది? నీలమా?" అని పెయింటర్ని అడిగింది. ఆయన మూడు నెలలుగా బూడిద రంగు అనుకుంటూ వేస్తున్నాడు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. తర్వాత అమ్మ బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు తెరిచింది.

నేను ఆఫీసుకి బయల్దేరుతున్నాను. గొడుగు చేతిలో ఉంది.

"ఇలా రావే."

నాలుగో నంబరు పేజీ. వరసగా ఇరవై ఒక్క టిక్కులు. ఇరవై టిక్కులు కాగితం మీద చీమ పాకినట్టు వంకర్లు తిరిగి ఉన్నాయి. ఒకటి తిన్నగా ఉంది, గీత గీసినట్టు. పద్దెనిమిదోది. ఆరు వారాలుగా ఆ రిజిస్టరు రోజూ చూసిన దాన్ని, వాక్యంలో పోయిన చుక్కని పట్టుకోవడం పనిగా పెట్టుకున్న దాన్ని, నేను అది చూడలేదు.

"ఇది నీ చెయ్యి," అంది అమ్మ.

"ఆ రోజు తన చెయ్యి వణకలేదేమో. నీకు చుక్కలు వేసేటప్పుడు వణికేది కాదుగా."

"దాని చెయ్యి నా కంటి దగ్గరే ఆగేది."

నేను గొడుగు బల్ల మీద పెట్టాను. "మాత్ర మింగింది. అబద్ధం కాదు. ఎనిమిదిన్నర కూడా కాలేదు. నేను ఒక్క మాట కూడా అనలేదు, చేతికిచ్చాను అంతే. సాయం చేశాను."

"దేనికి సాయం?"

"వెళ్ళడానికి. అందరూ వెళ్ళడానికేగా వచ్చేది?"

అమ్మ కళ్ళద్దాలు తీసేసింది. "నువ్వు చెప్పులు దాచేదానివి. అది మాత్ర మరిచిపోతుంది. ఇంకొన్నాళ్ళు ఉంటానని నోటితో అడిగితే కాదంటారని దానికి భయం. పద్దెనిమిదికి వచ్చి కూర్చుండిపోతే నేను ఇంటూ పెట్టేదాన్ని. రెండుసార్లు పెట్టాను. మూడోసారి కూడా పెట్టేదాన్ని."

"నీకు తెలుసా?"

"పదకొండేళ్ళయింది నేనిక్కడికి వచ్చి." రిజిస్టరు మూసింది. "ఎన్నాళ్ళయింది దాన్ని చూసి?"

"వెళ్ళిన తర్వాత చూడలేదు."

"ఆఫీసుకి తర్వాత పో. ముందు దాని దగ్గరికి పో."

దుకాణంలో యజమాని ఒంటి కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడు. ఆయన పక్కన ఒక స్టూలు ఖాళీగా ఉంది. "ఆవిడ వెళ్ళిపోయి పది రోజులైందండీ," అన్నాడు. "పనికి వంక పెట్టలేం. ఆవిడ చెయ్యి పడితే మొండి వాచీ కూడా నడుస్తుంది. కానీ ఒకరోజు పొద్దున్నే కిందికొచ్చి, ఎనిమిదైంది, ఎవరికి చూపించాలి అని అడిగింది. ఏం చూపించాలమ్మా అన్నా. పైకి వెళ్ళిపోయింది. మర్నాడు లేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి పోయింది."

పై గదిలో కిటికీ గట్టు మీద మాత్రల అట్టలు వరసగా ఉన్నాయి. మొదటి అట్టలో తొమ్మిది ఖాళీ గుంటలు. మిగతావి ముట్టుకోలేదు.

బస్టాండులో ఎక్కడ వెతకాలో నాకు తెలుసు. రిజిస్టరు మొదటి పేజీలో ఉంటుంది, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో. నాలుగో ప్లాట్‌ఫారం, టైంటేబుల్ బోర్డు కింద బెంచీ. అక్కడే ఉంది. సంచీ కాళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. చీర అంచు తడిసి బురదగా ఉంది. నేను వెళ్ళి ముందు నిలబడితే పక్కకి తిరిగి, అక్కడ ఎవరూ లేని చోటుకి, "ఒక్క నిమిషం ఆగండి, మనవాళ్ళొచ్చారు," అంది. తర్వాత నా వైపు చూసింది.

"అమ్మగారికి చుక్కలు వేస్తున్నారా?"

"వేస్తున్నాను. నిన్నటితో అయిపోయాయి."

"ఊపిరి ఆపుతున్నారా?"

"ఆపుతున్నాను."

"పదకొండింటిది?"

"ఒక్కరోజు కూడా మర్చిపోలేదు."

తల ఊపింది. నేను బెంచీ మీద కూర్చున్నాను, ఎవరూ లేని వైపు కాకుండా రెండో వైపు. ఒక బస్సు వెనక్కి వచ్చి ఆగింది. జనం దిగి వెళ్ళారు.

"ఆ రోజు అమ్మకి చెప్పి ఉండాల్సింది మీరు," అన్నాను. "టిక్కు నేను పెట్టానని."

"మీరు పెట్టేశారు కదండీ."

"అయినా చెప్పొచ్చుగా."

"ఎలా చెప్తాను? ఆవిడ మీ అమ్మ."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

"లేవండి, ఇంటికి పోదాం," అన్నాను.

"నా మంచం ఎవరికో ఇచ్చేసి ఉంటారు."

"ఇచ్చారు."

"మరి?"

"నా మంచం ఉంది," అన్నాను. ఆ మాట అనడానికి ముందు నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అనేదాన్ని కాదేమో.

*

ఆ శనివారం డాక్టరు ముందు నేనే రిజిస్టరు తెరిచి పద్దెనిమిదో గడి మీద వేలు పెట్టాను. ఆయన వంగి చూశాడు. "నేను లెక్కపెట్టాను. చూడలేదు," అన్నాడు. తర్వాత, "మీ పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తారు. ఇక్కడ ఏం వేస్తారు?" అన్నాడు.

"మా గదుల్లో ఉంటుంది," అంది అమ్మ. "మంచం ఖాళీ అయ్యేదాకా. ఇది తన మంచం ఇచ్చింది."

డాక్టరు నా వైపు చూశాడు. పెయింటరు కూడా చూశాడు, కానీ ఈసారి నాకు మనసుందని అనలేదు.

నేను అమ్మ గదిలో చాప వేసుకున్నాను. వాచీలావిడ నా గదిలో, నా మంచం మీద, నా దుప్పటి కప్పుకుని పడుకుంది. గుడ్డ సంచీకి ఆమె కోసం ఎనిమిదో జేబు కుట్టాం. మొదటి వారం పగలంతా నిద్రపోయేది. ఎనిమిదింటికి ఆమే లేచి హాల్లోకి వచ్చేది. ఒకటి. రెండు. మూడు. టిక్కులు అంతకుముందు కంటే వంకరగా పడేవి. రిజిస్టరు అమ్మ తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. "ఎడమ కంటికి కూడా చేయించాలన్నారు. నాకు మళ్ళీ కనపడదు. నువ్వే రాయి," అంది.

ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. మళ్ళీ నల్ల కళ్ళద్దాలు, మళ్ళీ సీసా. మంచం మీద కూర్చుని అమ్మ, "తల్లీ," అని పిలిచింది. నేను సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను. నా చెయ్యి ఇప్పుడు వణకదు. మూడు వారాలు వేశాను, ఒక్క చుక్క వృథా కాలేదు. వాచీలావిడ వచ్చి చెయ్యి చాపింది. సీసా ఇచ్చాను. ఇచ్చేటప్పుడు వేళ్ళు దాన్ని అవసరమైనదాని కంటే ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాయి. ఆమెకి తెలిసింది.

పద్దెనిమిదో రోజు వచ్చేసరికి వానలు తగ్గుముఖం పట్టాయి. ఎనిమిది కొట్టింది. ఏడుగురు వచ్చారు, మింగారు, వెళ్ళారు. పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు, నాలుగోసారి, ఈసారి అందరూ ఒప్పుకున్న తెలుపు. గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

ఎనిమిదీ పది. తెరిచి ఉన్న పెరటి తలుపులోంచి ఆమె వీపు కనిపిస్తోంది, మెట్టు మీద.

"వచ్చిందా?" అంది అమ్మ లోపల్నుంచి.

"ఇంకా లేదు."

"ఊఁ."

ఎనిమిదీ ఇరవై. ఇంకో మూడు రోజులైతే నా మంచం నాకొస్తుంది. నాలుగింటికి మెట్టు ఖాళీగా ఉంటుంది. నేను లేచి గుడ్డ సంచీ దగ్గరికి వెళ్ళాను, ఎనిమిదో జేబులో మాత్రలున్నాయో లేదో చూశాను. ఉన్నాయి. వచ్చి కుర్చీలో కూర్చున్నాను. నా పెన్ను మూత పెట్టి బల్ల సొరుగులో పడేశాను. తలుపు వైపు చూడకూడదు కాబట్టి గోడ వైపు చూశాను. రంగు ఇంకా ఆరలేదు.

ఎనిమిదిన్నరకి ప్లేటు తీసి గరిటెతో రెండు దెబ్బలు కొట్టాను.

ఆమె లేచి వచ్చింది. తొందరపడలేదు. జేబులోంచి మాత్రలు తీసుకుని, నీళ్ళు తాగి, బల్ల దగ్గర నిలబడింది. నేను రిజిస్టరుకి దారంతో కట్టిన పెన్సిల్ తీసుకుని, 'పిలిస్తే వచ్చి' గడిలో ఇంటూ పెట్టాను. ఆమె వంగి దాన్ని చూసింది. నేను పెట్టిందేనని నమ్మకం కుదిరేదాకా చూసింది.

"రేపు ఒకటి," అంది.

"ఒకటి," అన్నాను.

పదకొండింటికి అమ్మ, "తల్లీ," అని పిలిచింది. వాచీలావిడ సీసా తీసుకుని వెళ్ళింది. నేను హాల్లో కుర్చీలోనే ఉన్నాను. అక్కడి నుంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. అమ్మ తల వెనక్కి వాల్చింది. ఆమె కింది రెప్ప లాగింది. సీసా వంగింది. ఆ పిలుపు నాది కాదన్న మంట అలాగే ఉంది, తగ్గలేదు. అయినా ఆమె చెయ్యి ఆగిన క్షణంలో, కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే, ఊపిరి ఆపాను. చుక్క పడ్డాక వదిలాను.